అన్న పేరు మీద నా గురి

మా అన్న ఇంజనీరింగ్‌లో రెండో ఏడాదికి వచ్చినప్పుడు బాపు ఇంటికి కంప్యూటర్ తెచ్చాడు. చదువుకు కావాలన్నాడు అన్న. ఏ చదువుకు అంత పెద్ద తెర, రంగురంగుల దీపాలు వెలిగే కీబోర్డు కావాలో బాపు అడగలేదు. నేను అప్పుడే డిగ్రీలో చేరాను, నాకూ కంప్యూటర్ సబ్జెక్టు ఉంది. అయినా దాన్ని అన్న గదిలోనే పెట్టారు. అది అన్న కంప్యూటర్ అని ఎవరూ నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

మాది సిద్దిపేట బజారులో స్టీలు సామాన్ల దుకాణం. పెళ్ళిళ్ళ కాలంలో చిన్నకోడూరు నుంచి, కోహెడ నుంచి జనం ఆటోలు మాట్లాడుకుని వచ్చి బిందెలు, గంగాళాలు, టిఫిన్ డబ్బాలు కొనుక్కుపోతారు. గిన్నెల మీద పేర్లు కొట్టే చిన్న మిషన్ ఒకటుంది మా దగ్గర. రద్దీ ఎక్కువున్న రోజుల్లో బాపు నన్ను దాని ముందు కూర్చోబెట్టేవాడు. "మా బిడ్డ చెయ్యి వణకది" అని వచ్చినవాళ్ళతో చెప్పేవాడు. అన్న దుకాణానికి రావడమే తక్కువ. వస్తే గల్లా దగ్గర కూర్చునేవాడు.

అన్న ఆడేది తుపాకుల ఆట. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. తెర మీద మన కళ్ళతో మనమే చూస్తున్నట్టు ఉంటుంది. కింద మన చేతులు, చేతుల్లో తుపాకీ, తెర నడుమ ఒక చిన్న గుర్తు. ఆ గుర్తును ఎదుటివాడి తల మీదికి ఎవరు ముందు తెచ్చి మౌస్ నొక్కితే వాళ్ళు బతుకుతారు. అన్న ఎక్కువగా చచ్చిపోతుండేవాడు. అతని దోస్తు ఒకడు గురి బాగుపడటానికి వేరే ఆటలుంటాయని, వాటిని ఎయిమ్ ట్రైనర్లంటారని చెప్పి ఒకటి పెట్టించాడు. అందులో కథ లేదు, శత్రువు లేడు. ఒక బూడిద రంగు గోడ, దాని మీద గోళీల్లాంటి చుక్కలు. ఒకదాన్ని కొడితే అది పోయి మరోచోట మరొకటి వస్తుంది. అన్న రెండు మూడు రోజులు కొట్టి, "గిది ఆట కాదు, శిక్ష" అని వదిలేశాడు.

మధ్యాహ్నానికి నా కాలేజీ అయిపోయేది. అన్న బస్సు సాయంత్రం గానీ వచ్చేది కాదు. ఆదివారాలు అతను దోస్తులతో బండ్లేసుకుని చంద్లాపూర్ వైపు, రంగనాయక సాగర్ కట్ట మీదికి పోయేవాడు. ఆ ఖాళీ గంటల్లో ఒకరోజు నేను ఆ చుక్కల ఆట తెరిచాను. తుపాకుల ఆట తెరవడానికి ధైర్యం చాలలేదు, అందులో మనుషులుంటారు, మాట్లాడతారు. ఇందులో ఎవరూ లేరు. అదే నాకు నచ్చింది.

మొదట్లో అందరిలాగే తొందరపడ్డాను. చుక్క కనబడగానే మౌస్ విసిరితే గుర్తు దాన్ని దాటిపోయేది. వెనక్కి తెచ్చి నొక్కేసరికి ఆలస్యమయ్యేది. కొన్నాళ్ళకు అర్థమైంది, చేరకముందే నొక్కుతున్నానని. అప్పటినుంచి మెల్లగా ఆడటం మొదలుపెట్టాను. చేరాలి, ఆగాలి, నొక్కాలి. ఈ మూడూ విడివిడిగా తెలిసేదాకా ఆడాను. మణికట్టు నొప్పి పుడితే, మౌస్ కదిలే వేగం బాగా తగ్గించి, మోచేతి దాకా చెయ్యంతా టేబుల్ మీద ఆనించి తిప్పడం నేర్చుకున్నాను. వేగం తగ్గించిన మొదటిరోజు సాయంత్రమే అన్న కేకలేశాడు.

"ఎవలు మార్చిన్రు దీన్ని? మౌస్ ఎడ్లబండి లెక్క నడుస్తున్నది."

మర్నాటి నుంచి లేచేముందు వేగాన్ని మళ్ళీ అతనిలాగే పెట్టి లేచేదాన్ని.

ఇంకో రకం ఉంది. అందులో నొక్కేది ఉండదు, గాలిలో అటూ ఇటూ తిరిగే ఒక బంతి మీద గుర్తును తప్పకుండా నిలపాలి. బంతి ఎటు తిరుగుతుందో తెలియదు. గుర్తును చూస్తే బంతి తప్పిపోతుంది, బంతినే చూస్తే చెయ్యి తనంతట తానే వెంట పోతుంది. ఆ సంగతి చెయ్యికి తెలిసిన రోజు నేను ఎంత సంతోషపడ్డానో ఎవరికీ చెప్పలేకపోయాను. చెబితే ఏమని చెప్పాలి? ఒక బంతి వెంట పోయాను అనా?

బాపు ఒకసారి భోజనానికి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏంది బిడ్డా, గా గోళీలు?"

"మౌస్ ప్రాక్టీస్ బాపు."

"మంచిది. కంప్యూటర్ల చెయ్యి తిరిగితే ఏడనన్న నౌకరి దొరుకుతది" అని వెళ్ళిపోయాడు.

ఆ ఆటలో మన పాయింట్లు ఒక పట్టికలో చేరతాయి. లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో అందులో ఉంటారు. నా పాయింట్లు పైకి పోతూ ఉన్నాయి. పేరు మాత్రం అన్నది. ఖాతా అతనిది, ఇంకో ఖాతా తెరవాలని కూడా నాకు తోచలేదు.

అన్న ఆ పట్టికను చూసింది చాలా నెలల తర్వాత. దోస్తు ఎవరో చెబితే తెరిచి చూశాడట. వంటింట్లోకి వచ్చాడు.

"గీ పాయింట్లు ఎవలు కొట్టిన్రు?"

"నేనే."

నమ్మలేదు. కూర్చోబెట్టి ఆడమన్నాడు. ఆడాను. వెనక నిలబడి చూశాడు. అయిపోయాక స్టూలు జరుపుకుని పక్కన కూర్చున్నాడు. "చెల్లె, అసలు ఆట నేర్పుత, నేర్చుకుంటవా?" అన్నాడు.

నేర్పాడు. ఇది అతని గురించి నిజంగా చెప్పాలి. ఓపికగా నేర్పాడు. ఏ మూలన ఎవరు దాక్కుంటారు, ఎప్పుడు నడవాలి, ఎప్పుడు ఆగాలి, అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోంది, అన్నీ చెప్పాడు. నేను తప్పు చేస్తే తిట్టలేదు. అమ్మ మురుకులు పెడితే ఇద్దరం ఒకే పళ్ళెంలోంచి తినేవాళ్ళం, నా కుడిచెయ్యికి నూనె అంటకూడదని అతనే ముక్కలు చేసి ఎడమచేతిలో పెట్టేవాడు. అన్న మీద నాకున్న ప్రేమలో పెద్ద భాగం ఆ నెలలదే. అందుకే తర్వాత జరిగింది అంత గట్టిగా తగిలింది.

నేను ఆడుతుంటే అతని ర్యాంకు పెరిగింది. దోస్తులు ఇంటికి వచ్చి పొగిడేవాళ్ళు. నేను చాయ్ తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. "ఎట్ల కొడ్తున్నవురా గంత దూరంకెల్లి?" అని ఒకడు అడిగితే అన్న కప్పు అందుకుంటూ, "ప్రాక్టీస్‌రా" అన్నాడు. ఒకసారి ఆడి చూపించమంటే చెయ్యి బెణికిందన్నాడు. నేను వంటింట్లోకి వచ్చి నవ్వుకున్నాను. అది మా ఇద్దరి రహస్యమనుకున్నాను. రహస్యం ఇద్దరిదైనా పేరు ఒక్కరికే పోతోందని అప్పుడు నాకు తట్టలేదు.

అన్న ఆఖరి ఏడాదిలో ఉండగా హైదరాబాద్‌లోని ఒక టీమ్ నుంచి మెసేజ్ వచ్చింది. తమతో ఆడి చూపించమని, బాగుంటే తీసుకుంటామని. మొదటి పరీక్ష ఇంటినుంచే. ఒక ఆదివారం పొద్దున పెట్టారు. ఆ రోజు అన్న గది తలుపు గొళ్ళెం పెట్టాడు. నేను కుర్చీలో, అతను పక్కన స్టూలు మీద. హెడ్‌సెట్ అతని తలకు, మౌస్ నా చేతిలో. అతను మాట్లాడుతున్నాడు, నేను కొడుతున్నాను. "ఎడమ దిక్కు పోతున్న", "ఒకడు పడ్డడు", "ఇంకొకడు పడ్డడు" అని అతను చెబుతుంటే నాకు అడుగుల చప్పుడు కూడా వినబడటం లేదు. వినేది కూడా అతనే కదా. అతని మోకాలు నా కుర్చీకి తగిలితే కుడివైపని, భుజం తడితే వెనకనని గుర్తులు పెట్టుకున్నాం. అట్లాగే గెలిచాం.

అన్న మైకును అరచేత్తో మూసి నావైపు వంగాడు. "నీ చెయ్యి మస్తున్నదంటున్రు" అన్నాడు. మళ్ళీ చెయ్యి తీసి, మైకులో, "థాంక్స్ భాయ్" అన్నాడు.

వారం తిరక్కముందే కబురొచ్చింది. హైదరాబాద్ రమ్మన్నారు. అక్కడ ఒక హాల్లో అందరి ముందు ఆడాలి. అన్న ఫోన్ చూపించి గదంతా తిరిగాడు. నేను ఆ సంతోషం తగ్గేదాకా ఆగి అడిగాను.

"నేను గూడ వస్త అన్న."

"నువ్వెందుకు?"

"ఆడేది నేను గద."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఆడ అందరు మొగపోరగాండ్లే ఉంటరు. నువ్వు గాళ్ళ నడుమ కూసుంటవా?"

"నువ్వుంటవ్ గద. అసలు సంగతి చెప్పు. నేనే ఆడిన అని చెప్పు."

"గిప్పుడు చెప్తే ఇన్నొద్దులు అబద్ధం ఆడినట్టయితది."

"ఆడినం గద."

అతను బయటికి వెళ్ళిపోయాడు. ఖాతా ఎవరిదో వాళ్ళే ఆడాలని ఆ ఆటలో నియమం ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను చెప్పమన్నది కూడా అందుకే. ముందే చెబితే ఆ తప్పు ఒకసారితో పోయేది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మళ్ళీ ఆ మాట ఎత్తితే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అన్న పరీక్షకు పోతుండు. ఎదురు మాట్లాడకు" అంది. అమ్మకు అది ఏ పరీక్షో తెలియదు. పోయేది కొడుకు గనుక అది పరీక్షే.

పోయేలోపు తనకూ గురి నేర్పమన్నాడు అన్న. నేర్పాను. అతను చుక్క కనబడగానే విసిరేవాడు. "ఆగు అన్న, చేరినంక నొక్కు" అంటే, "నీ లెక్క ముసలోళ్ళ ఆట నాకు రాదు" అని విసుక్కునేవాడు. నాకు ఏళ్ళు పట్టిన పని అతనికి రెండు వారాల్లో రావాలి. రాలేదు. వస్తుందని మాత్రం నమ్మాడు. ఖాతా మీద తన పేరే ఉంది, పట్టికలో తన పేరే ఉంది, చుట్టూ ఉన్నవాళ్ళు తననే పొగుడుతున్నారు. అంతమంది అంటుంటే తానే కొట్టానని అతనికీ అనిపించిందేమో.

పొద్దున్నే జూబ్లీ బస్టాండ్ బస్సెక్కాడు, తోడుగా ఒక దోస్తు. సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకున్నాడు. "ఏమైంది?" అంటే, "అయిపోయింది" అన్నాడు.

మధ్యాహ్నం నేను కంప్యూటర్ తెరిచాను. ఎయిమ్ ట్రైనర్‌లో ఖాతా లేదు. తుపాకుల ఆటలో ఖాతా మూసేశామని, మోసం చేసినందుకని ఎర్రక్షరాలతో వచ్చింది. నేను లేచి చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో తెలియదు.

సంగతంతా చెప్పింది అతని వెంట వెళ్ళిన దోస్తు. రెండు రోజుల తర్వాత, అన్న మరిచిపోయిన చార్జర్ ఇవ్వడానికి వచ్చాడు. అన్న ఇంట్లో లేడు. నేను గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. మొదట చెప్పనన్నాడు. తర్వాత చెప్పాడు.

"ఆడ ఒక్కన్ని గూడ కొట్టలే. వాళ్ళు పక్కకు పిలిచి అడిగిన్రు. ఆన్‌లైన్ల నువ్వు గాదు, వేరేటోళ్ళు ఆడిన్రు, నిజం చెప్పు అన్నరు. ఎవలున్న సరే తీస్కరా, మాకు గా ఆడిన మనిషే కావాలె అన్నరు."

"మరి అన్న ఏమన్నడు?"

"ఎవ్వలు లేరన్నడు. సాఫ్ట్‌వేర్ పెట్టి కొట్టిన అన్నడు."

గురి దానంతట అదే కుదిరేలా చేసే దొంగ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. అవి పెట్టుకున్నవాణ్ణి ఆ ఆటలో ఎవరూ మనిషి కింద లెక్కపెట్టరు. మా అన్న ఆ పేరు మోయడానికి సిద్ధపడ్డాడు. నా పేరు చెప్పడానికి సిద్ధపడలేదు. ఆ దోస్తు ఇంకా ఏదో చెబుతున్నాడు, ఎయిమ్ ట్రైనర్‌లో పాయింట్లు కూడా దొంగవేనని అక్కడివాళ్ళు అన్నారని, దాంతో అన్న వస్తూ బస్సులోనే ఆ ఖాతా తీసేశాడని. నేను చార్జర్ తీసుకుని తలుపు వేశాను.

సాయంత్రం అన్న రాగానే అడిగాను.

"నన్నే తీస్కరమ్మన్రట గద. ఎందుకు చెప్పలే?"

అతను చెప్పులు విప్పుతూనే ఉన్నాడు. "అందరి ముందల ఏమని చెప్పాల్నే? నా చెల్లె ఆడిందనా? దొంగ అంటే పడ్త. గది మాత్రం నాతోని కాదు."

"నేను ఆడితే నీకు సిగ్గా?"

"నీకు సమజ్ కాదు, పో" అన్నాడు.

నాకు సమజ్ అయింది. ఇంట్లో నేను అతని చెయ్యిని. బయట నేను ఉండకూడదు.

బజారులో మాట దాగదు. ఎవరో బాపుతో, "మీ పోరడు కంప్యూటర్ల ఏదో మోసం చేసి పట్టుబడ్డడట" అన్నారు. బాపు దుకాణం తొందరగా మూసి ఇంటికొచ్చి అన్నను నిలబెట్టి అడిగాడు. అన్న తల వంచుకున్నాడు. బాపు అతన్ని అనరాని మాటలన్నాడు, అమ్మ ఏడ్చింది. నేను ఓర్చుకోలేకపోయాను. ఇన్నేళ్ళయినా నాకు అర్థంకానిది అదే, అప్పుడు నేను మాట్లాడింది అన్న కోసమా, నా కోసమా.

"బాపు, అన్న మోసం జెయ్యలే. సాఫ్ట్‌వేర్ ఏం లేదు. ఆడింది నేను. రోజు పగటీలి నేనే ఆడిన."

బాపు నావైపు తిరిగాడు. గోళీలు గుర్తొచ్చి ఉంటాయి. ఆయన నమ్మాడు, ఆ సంగతి ముఖంలోనే కనబడింది. నమ్మి, మెల్లగా అన్నాడు.

"ఇగ నువ్వు గూడ దీంట్లకు రాకు బిడ్డా. ఒకలి పేరు ఖరాబయింది, సాలు."

అంతే. ఆ మాటతో ఇంట్లో ఆ సంగతి ముగిసింది. ముగ్గురికీ నిజం తెలుసు. ముగ్గురికీ అబద్ధమే నయమనిపించింది. మర్నాడు అమ్మ అన్నకు ఇష్టమైన కూర చేసింది.

అన్న దోస్తులు ఒక నెలలో అంతా మరిచిపోయారు. కొందరికైతే అదొక హుషారు పని లాగే తోచింది. "హైదరాబాదోళ్ళనే బోల్తా కొట్టించినవ్‌రా" అని భుజం తట్టారట. అన్న కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టాడు. డిగ్రీ ప్రాజెక్టు కోసం అడిగితే తీసి ఇచ్చేవాడు, పక్కనే నిలబడేవాడు.

డిగ్రీ అయ్యాక నేను ఊళ్ళోనే ఒక ఫొటో స్టూడియోలో చేరాను, పెళ్ళి ఆల్బంలు తయారుచేసే పని. పెళ్ళికూతురి జుట్టు చుట్టూ, పూలజడ చుట్టూ గీత గీసి వెనక ఉన్న గోడ తీసేయాలి. నాలుగైదు గంటల పని గంటన్నరలో చేస్తున్నానని స్టూడియో ఆయన మొదటి నెలలోనే జీతం పెంచాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఇంట్లోనే అన్నాను.

పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కున్నాను. నా పేరుతో నా ఖాతా తెరిచాను. చుక్కలు కొట్టడం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. చెయ్యి మరిచిపోలేదు, కానీ మునుపటి వేగం రాలేదు. పట్టికలో నా పైన ఉన్నవాళ్ళలో చాలామంది స్కూలు పిల్లలు. ఈ ఆటలో ఇరవై రెండు దాటితే పెద్దవయసు కిందే లెక్క. నేనేదో ఛాంపియన్ అయ్యేదాన్నని అనడం లేదు. హైదరాబాద్‌లో ఆ హాల్లో అందరి ముందు కూర్చుంటే నా చెయ్యి కూడా వణికేదేమో. ఒక్కరోజులో ఓడిపోయి వచ్చేదాన్నేమో. ఆ ఓటమి నాది. అది కూడా నాకు దక్కలేదు.

తర్వాత అన్నకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. పోయిన ఏడాది రాఖీకి వదినతో వచ్చాడు. అమ్మ పీట వేసింది. నేను పళ్ళెంలో కుంకుమ, రాఖీ, మిఠాయి పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. వదిన మంచి మనిషి, ఇంట్లో మాట కలపాలని చూస్తుంది.

"మీ అన్న అప్పట్ల పెద్ద ప్లేయరట గద" అంది. "హైదరాబాద్ టీమోళ్ళే పిలిచిన్రట. గప్పుడు ఇంట్ల వద్దన్నరని పోలేదంట."

నేను అన్న ముఖం చూశాను. అతను ఫోన్ చూసుకుంటున్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది, బాపు పేపర్ మడిచి మళ్ళీ తెరిచాడు.

"ఆడింది నేను వదిన" అన్నాను.

వదిన నావైపు, తర్వాత అన్న వైపు చూసింది. "నువ్వా?" అని నవ్వింది. ఎగతాళి కాదు, నేను సరసమాడాననుకుంది.

అన్న ఫోన్‌లోంచి తలెత్తాడు. "అవును, గీమెనే నాకు గురువు" అన్నాడు. అతను కూడా నవ్వాడు. ఎంత తేలికగా అన్నాడంటే, ఇక ఆ నిజాన్ని ఎవరూ నిజమనుకోరు.

నేను అతని చేతికి రాఖీ కట్టాను. మిఠాయి నోటికందిస్తే సగం కొరికాడు. నా పళ్ళెంలో చీర కవరు పెట్టి, వదినే ఎంచి తెచ్చిందని చెప్పాడు. రంగు బాగుందన్నాను. స్టూడియోలో ఒక ఆల్బం సాయంత్రానికి ఇవ్వాలని చెప్పి లేచాను. అన్నం తిని పొమ్మని అమ్మ వంటింట్లోంచి అంటూనే ఉంది, నేను చెప్పులు వేసుకున్నాను.